ఏ మందుకు లొంగుతుందో ముందే తెలిస్తే
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టరును కాను, ఫైళ్ళ మధ్య సర్వీసు ముగించిన గుమాస్తాను. అయినా ఒక పరీక్ష గురించి మీకు మనవి చేయాలని నిలబడ్డాను.

మన గవర్నర్‌పేటలో మందుల షాపులకు లోటు లేదు. సిప్రోఫ్లాక్సాసిన్ పేరు తెలియని ఇల్లూ లేదు. పోయిన ఏడాది మా ఇంటావిడకు మూత్రంలో మంట, చలిజ్వరం వస్తే ఒక డాక్టరుగారు ఆ బిళ్ళలే రాశారు. మూడు రోజులైనా జ్వరం దిగలేదు. నాలుగోనాడు మాట తడబడింది, నన్నే ఎవరని అడిగింది. మరో డాక్టరుగారు చూసి, వెంటనే మూత్రం కల్చర్ అండ్ సెన్సిటివిటీకి పంపించారు.

ల్యాబులో కుర్రవాడిని అడిగి వివరం తెలుసుకున్నాను. జున్నులా గట్టిపడిన ఆహారం ఉన్న పళ్ళెంలో క్రిమిని పెంచుతారు. అలా పెరిగినదాన్ని ఇంకో పళ్ళెమంతా పలుచగా పూసి, ఒక్కొక్క మందు పట్టించిన చిన్న కాగితం బిళ్ళలు దానిమీద పెడతారు. ఒక రాత్రి వెచ్చగా ఉంచితే, మందు పనిచేసినచోట బిళ్ళ చుట్టూ క్రిమి లేని వలయం ఏర్పడుతుంది. దాన్ని స్కేలుతో కొలుస్తారు. అందుకే రిపోర్టుకు రెండు మూడు రోజులు.

రిపోర్టులో ‘ఎస్’ అంటే క్రిమి లొంగుతుంది. ‘ఆర్’ అంటే లొంగదు. ట్రెజరీ నుంచి అభ్యంతరంతో తిరిగొచ్చిన బిల్లు అనుకోండి! ఈ కొలతలకూ జీవోల్లాగా సవరణలున్నాయి. మూత్రంలో తరచు కనిపించే ఈ-కోలై క్రిమికి సిప్రో వలయం 21 మిల్లీమీటర్లుంటే పూర్వం పాసు. అమెరికా ప్రమాణాల సంస్థ 2019లో దాన్ని 26 చేసింది. మా ఆవిడది 14. పాత లెక్కలోనూ కొత్త లెక్కలోనూ రిటర్నే. అమికాసిన్ ఎదుట ‘ఎస్’ ఉంది. కిడ్నీల పరీక్ష చేయించి ఆ ఇంజెక్షన్లు ఇచ్చారు. మూడోనాటికి కాఫీలో పంచదార తక్కువైందని నన్ను కోప్పడింది.

క్రిములు ఇంత మొండివి కావడానికి మన బిళ్ళలొక్కటే కారణం కాదు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో సుమారు 90 మందుల కర్మాగారాల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి వెలువడిన నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో ఉందట! కొన్ని క్రిములకు హాని చేసే మోతాదుకు అది వెయ్యి రెట్లు పైమాటే. అంత మందులో ఈదినా బతికిన క్రిమికి మన బిళ్ళ ఒక లెక్కా?

మన వయసువారు గమనించవలసింది ఒకటుంది. వీలైతే మొదటి బిళ్ళ వేసుకోకముందే శాంపిల్ ఇవ్వాలి. జబ్బు తీవ్రంగా ఉంటే రిపోర్టు కోసం ఆగరు. శాంపిల్ తీసుకుని మందు మొదలుపెట్టి, రిపోర్టు వచ్చాక మారుస్తారు. పాత రిపోర్టులు పారేయకుండా పి.పి.ఓ. కాపీతోపాటు ఫైలు చేసి, డాక్టరుకు చూపండి.

మా రిపోర్టు జిరాక్సు తెచ్చాను. ఎలా చదవాలో చూడదలచినవారు టీ సమయంలో నా దగ్గరకు రావచ్చు. సెలవు.