స్కూల్ గొప్పదా, ఫిల్టర్ గొప్పదా? న్యూయార్క్ స్టైవెసెంట్ హైస్కూల్ కథ

ఈరోజు ఎపిసోడ్‌లో ఒక గవర్నమెంట్ హైస్కూల్ గురించి మాట్లాడుకుందాం. గవర్నమెంట్ స్కూల్ అనగానే మీ కళ్ళ ముందు ఏం కనిపిస్తుందో నాకు తెలుసు. కానీ ఇది వేరే లెవెల్. న్యూయార్క్ సిటీలో, మన్‌హటన్‌లో ఉన్న స్టైవెసెంట్ హైస్కూల్. 1904లో మొదలైంది. ఫీజు ఒక్క డాలర్ కూడా కట్టక్కర్లేదు. ఇక్కడ చదివినవాళ్ళలో నలుగురికి నోబెల్ ప్రైజ్ వచ్చింది. నలుగురికి! ఒక హైస్కూల్ నుంచి!

మరి సీటు ఎలా వస్తుంది? ఒకే ఒక్క పరీక్ష. పేరు ఎస్‌హెచ్‌ఎస్‌ఏటీ. ఎనిమిదో క్లాస్ పిల్లలు రాస్తారు. మూడు గంటలు, ఇంగ్లీష్, మ్యాథ్స్, అంతే. ఇంటర్వ్యూ లేదు, రికమండేషన్ లేదు, స్కూల్లో వచ్చిన మార్కులు కూడా చూడరు. ఏటా పాతిక వేల మందికి పైగా రాస్తారు. ఇలా పరీక్ష మీద తీసుకునే స్కూళ్ళు సిటీలో ఎనిమిది ఉన్నాయి. వాటన్నిటిలో స్టైవెసెంట్ కటాఫ్ ఎక్కువ. ఈ పరీక్ష పద్ధతి ఏదో స్కూల్ పెట్టుకున్న రూల్ అనుకోకండి. 1971లో న్యూయార్క్ రాష్ట్రం చేసిన చట్టం.

వినడానికి చాలా ఫెయిర్‌గా ఉంది కదా? కష్టపడు, మార్కు తెచ్చుకో, సీటు తీసుకో. ఇప్పుడు ఒక లెక్క చెప్తా. 2019లో స్టైవెసెంట్ 895 మందికి సీట్లు ఇచ్చింది. అందులో ఆసియన్ కుటుంబాల పిల్లలు 587 మంది. తెల్లవాళ్ళు 194. లాటినోలు 33. నల్లజాతి పిల్లలు ఎంతమందో తెలుసా? ఏడుగురు.

895లో 7. అదే సిటీ పబ్లిక్ స్కూళ్ళలో మూడింట రెండు వంతుల మంది నల్లజాతి, లాటినో పిల్లలే. 1970ల్లో ఇదే స్కూల్లో నల్లజాతి విద్యార్థులు వందల్లో ఉండేవాళ్ళు. పరీక్ష అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఇక్కడే గొడవ మొదలైంది. 2018లో అప్పటి మేయర్ బిల్ డి బ్లాసియో, ఈ పరీక్ష తీసేద్దాం అన్నాడు. దాని బదులు ప్రతి మిడిల్ స్కూల్ నుంచి టాప్ 7 శాతం పిల్లల్ని తీసుకుందాం అన్నాడు. ఆసియన్ తల్లిదండ్రులు రోడ్డెక్కారు. వాళ్ళ మాట కూడా వినాలి. ఆసియన్లు అంటే అందరూ మన సాఫ్ట్‌వేర్ ఎన్ఆర్ఐ ఫ్యామిలీల్లాంటి వాళ్ళే అనుకుంటే పొరపాటు. స్టైవెసెంట్‌లో పదిమందిలో నలుగురికి పైగా పేద కుటుంబాల పిల్లలే. హోటల్ కిచెన్లలో పనిచేసే చైనీస్ వాళ్ళు, టాక్సీ నడిపే బంగ్లాదేశీలు, పొదుపు చేసిన డబ్బుతో పిల్లల్ని శని, ఆదివారాలు కోచింగ్‌కి పంపించారు. "మేం రూల్ ప్రకారం కష్టపడ్డాం, ఇప్పుడు రూల్ మారుస్తారా?" అని అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. చివరికి ఆ ప్లాన్ రాష్ట్ర అసెంబ్లీలో పాస్ అవ్వలేదు. పరీక్ష అలాగే ఉంది.

కానీ అవతలి పక్క లెక్క కూడా చూడండి. సిటీలో దాదాపు 600 మిడిల్ స్కూళ్ళు ఉన్నాయి. ఈ స్పెషల్ హైస్కూళ్ళ సీట్లలో సగం కేవలం 21 మిడిల్ స్కూళ్ళ పిల్లలకే వెళ్తున్నాయని 2018లో సిటీయే చెప్పింది. మిగిలిన స్కూళ్ళలో ఎంతోమంది పిల్లలకి ఇలాంటి పరీక్షకి ఎప్పటినుంచి ప్రిపేర్ అవ్వాలో చెప్పేవాళ్ళే లేరు. అంటే పరీక్ష రోజు అందరికీ ఒకే పేపర్, ఒకే టైమ్. కానీ ఆ హాల్లోకి రావడానికి ముందు గడిచిన ఏళ్ళు అందరికీ ఒకటి కాదు.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. రెండు పక్షాలూ ఒక విషయం మీద మాత్రం ఒప్పుకుంటున్నాయి: ఆ సీటు వస్తే పిల్లాడి జీవితం మారిపోతుందని. అది నిజమేనా?

దీన్ని ముగ్గురు ఎకనామిస్టులు చెక్ చేశారు. అటిలా అబ్దుల్‌కదిరోలు, జాషువా ఆంగ్రిస్ట్, పరాగ్ పాఠక్. ఇందులో ఆంగ్రిస్ట్‌కి 2021లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది. వాళ్ళ పేపర్ 2014లో వచ్చింది. ఐడియా చాలా సింపుల్. ఉదాహరణకి కటాఫ్ 560 అనుకుందాం. ఒకడికి 561 వచ్చింది, లోపలికి వెళ్ళాడు. ఇంకొకడికి 559 వచ్చింది, బయట ఉండిపోయాడు. ఇద్దరి తెలివిలో పెద్ద తేడా ఏమీ లేదు. మరి తర్వాత నాలుగేళ్ళలో ఎవరు ఎంత ముందుకెళ్ళారు? న్యూయార్క్, బోస్టన్ పిల్లల డేటా చూస్తే, కటాఫ్ దగ్గర ఉన్నవాళ్ళలో తర్వాతి పరీక్షల మార్కుల్లో గానీ, చేరిన కాలేజీల స్థాయిలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

కోడింగ్ భాషలో చెప్తా. ఒక ఫంక్షన్‌కి మీరు ముందే సార్ట్ చేసిన లిస్ట్ ఇచ్చారు. బయటికి కూడా సార్ట్ అయిన లిస్టే వచ్చింది. "అబ్బా, ఈ ఫంక్షన్ భలే సార్ట్ చేసింది" అంటామా? అనం కదా. స్టైవెసెంట్ రిజల్ట్స్‌లో ఎక్కువ భాగం ఆ గేటు దగ్గరే డిసైడ్ అయిపోతోంది.

అలాగని స్కూల్ వేస్ట్ అని కాదు. ల్యాబ్‌లు, క్లబ్‌లు, పక్కన కూర్చునే ఫ్రెండ్స్, వీటి విలువ మార్కుల్లో కనిపించకపోవచ్చు. పైగా ఆ స్టడీ బోర్డర్‌లో ఉన్న పిల్లల గురించే చెప్తోంది. కానీ "ఆ సీటు పోతే నా పని అయిపోయింది" అనుకునే పిల్లాడు సరిగ్గా ఆ బోర్డర్‌లోనే ఉంటాడు. ఒక్క మార్కుతో పోయిందని రాత్రంతా ఏడ్చేది వాడే. వాడికి ఈ రిజల్ట్ ఎవరైనా చెప్పాలి.

మనకి ఈ ఆలోచన కొత్తేం కాదు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలు మొదలుపెట్టినప్పుడు ఎంట్రన్స్ పెట్టలేదు, పదో తరగతి రిజల్ట్ చూశారు. తర్వాత జీపీఏ వచ్చాక గవర్నమెంట్ బడి పిల్లలకి 0.4 కలిపారు. పరీక్ష హాల్‌కి ముందు గడిచిన ఏళ్ళని కూడా లెక్కలోకి తీసుకోవడం అంటే అదే.

కాబట్టి ఫ్రెండ్స్, రేపు టీవీలో "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని ర్యాంకుల యాడ్ వచ్చినప్పుడు, మీ తమ్ముడినో చెల్లినో ఎక్కడ చేర్చాలో ఇంట్లో డిస్కషన్ నడుస్తున్నప్పుడు, ఒక్క ప్రశ్న అడగండి. ఆ ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు చేరేటప్పుడు ఎన్ని మార్కులతో చేరారు? మామూలు మార్కులతో చేరిన పిల్లలు ఎంతవరకు వెళ్ళారు? ఈ రెండో లెక్క చెప్పగలిగిన స్కూలే నిజంగా చదువు చెప్తున్న స్కూల్.

ఇక ఆ ఏడుగురి విషయానికొస్తే, పరీక్ష ఉంచాలా తీసేయాలా అనే గొడవ ఇంకా నడుస్తూనే ఉంటుంది. కానీ పదమూడేళ్ళ వయసులో గేటు దగ్గర చేసే లెక్క కంటే, ఆరో ఏడు నుంచి ఆ మిగతా స్కూళ్ళలో మ్యాథ్స్ ఎవరు చెప్తున్నారు అన్నదే పెద్ద ప్రశ్న అని నా అభిప్రాయం. మీరేమంటారు? పరీక్ష ఒక్కటే ఉండాలా, ప్రతి స్కూల్ నుంచి టాపర్స్‌ని తీసుకోవాలా? కామెంట్స్‌లో రాయండి, అన్నీ చదువుతా. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.