పడవ సంరక్షణము



మహానంది కోనేటి తేటనీటి అడుగున పడిన సూదిని సైతము చూడగల మనకు సముద్రపు పడవతో నేమి పని యని మీలో కొందరు తలంపవచ్చును. నల్లమల పాదమున నివసించు మనకు సముద్రము దూరమే. కాని పడవ మన సీమకు బొత్తిగా క్రొత్తది గాదు. 1863వ సంవత్సరమున మొదలిడిన కర్నూలు కడప కాలువను సేద్యమునకే గాక పడవల రాకపోకలకు గూడ నుద్దేశించి త్రవ్వించిరి. సుంకేసులనుండి కడప వరకు దాని పొడవు సుమారు 190 మైళ్లు. మిట్టనుండి పల్లమునకు పడవలను దింపుటకై లాకులు గట్టిరి. పడవల రాకపోకలు కాలక్రమమున నిలిచిపోయినను కాలువ నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది.

కాలువలో పడవ చెడినచో గట్టునకు లాగి బాగుచేయవచ్చును. నడిసముద్రమున చెడినచో నేమి గతి? దీనిని గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

మన నౌకాదళమునకు ‘తారిణి’ యను తెరచాప పడవ గలదు. అది గోవాలో నిర్మింపబడి 2017 ఫిబ్రవరిలో దళమున జేరినది. పొడవు 56 అడుగులు. అనగా ఎడ్లు గట్టిన బండ్లు మూడు వరుసగా నిలిపినంత. ఆ సంవత్సరమే సెప్టెంబరు 10వ తేదీన ఆరుగురు స్త్రీ అధికారులు వర్తికా జోషి నాయకత్వమున దానిపై భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. వారిలో నిద్దరు మన తెలుగు ఆడుబిడ్డలు: విశాఖపట్టణపు పి. స్వాతి, హైదరాబాదునకు జెందిన బొడ్డపాటి ఐశ్వర్య. ఆస్ట్రేలియా, న్యూజిలాండు, ఫాక్‌లాండు దీవులు, దక్షిణాఫ్రికా రేవులలో నాగుచు, సుమారు 21,600 సముద్రపు మైళ్లు నడచి, 254 దినములకు, 2018 మే 21వ తేదీన మరల గోవా చేరిరి.

ఇట్టి పడవకు తుపానుకంటె గూడ నిత్యశత్రువులు మూడు: ఉప్పు, ఎండ, ఒరపిడి.

ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహములు తాకియున్నచో నొకటి తినివేయబడును. అందుచే పడవ అడుగుభాగమున జింకు దిమ్మలను బిగింతురు. జింకు తాను కరిగి తక్కిన లోహమును గాపాడును. అది సగము కరుగగనే క్రొత్తదానిని బిగింపవలయును. మిగిలిన సగము చాలదా యని లోభించువాడు, పడవను నడుపు మర పంకానే పోగొట్టుకొనును. ఇంతియ గాక, నాచును గుల్లలును అడుగున బట్టి పడవ వేగమును హరించును. కనుక అప్పుడప్పుడు దానిని ఒడ్డున కెత్తి, గీకి, అవి పట్టకుండునట్లు మందురంగు పూయవలయును.

ఎండకు తెరచాప గుడ్డయు, కుట్టు దారమును జీర్ణించును. చినుగు జానెడుండగా సూది దారములతో పని తీరును. ఉపేక్షించినచో ఒక్క పెనుగాలికి చాప యంతయు చీలిపోవును.

ఇక ఒరపిడి మాట. మోట తోలిన పెద్దలకు దీనిని నేను చెప్పనక్కరలేదు. మోకు ఎల్లప్పుడును గిలకమీద నొరయు చోటనే తెగును. నావికులు మోకును కొంచెము కొంచెముగా జరుపుచు, ఒకే తావున ఒరపిడి పడకుండ జూతురు. స్తంభమును నిలుపు ఇనుప తీగలలో పోగు ఒక్కటి తెగినను, మొత్తము తీగనే మార్తురు. స్తంభము కూలినపిమ్మట తీగ వెల లెక్కించి ప్రయోజనమేమి?

ఎంత జాగ్రత్తపడినను ఒక్కొక్కప్పుడు ఆపద తప్పదు. 2018 ఏప్రిలులో తిరుగు ప్రయాణమున హిందూమహాసముద్రమునందు తారిణి చుక్కాని త్రిప్పు సాధనము చెడినది. ముందుగా ననుకొనకున్నను మారిషస్సు దీవిలోని పోర్టు లూయీ రేవునకు పోవలసివచ్చెను. అచ్చట బాగుచేసికొని మరల బయలుదేరిరి. తక్కిన సాధనములు గట్టిగా నుండుటచేతనే ఒక్కటి చెడినను రేవు చేరగలిగిరని నా తలంపు. అన్నియు సగము సగము చెడియున్న పడవకు ఆ యవకాశ ముండదు.

ఆ పడవయే 2024 అక్టోబరు 2వ తేదీన దిల్నా, రూపా యను ఇరువురు అధికారిణులతో రెండవమారు భూప్రదక్షిణమునకు వెడలి, 2025 మే 29వ తేదీన సుఖముగా తిరిగివచ్చినది. నడుమ నేండ్లలో దానిని విప్పి, చూచి, బిగించిన చేతుల పేర్లు మనకు తెలియవు. క్రొత్తది తెచ్చినవానికి పేరు వచ్చును. ఉన్నదానిని నిలిపినవానికి సాధారణముగా రాదు. మన గ్రామములలో మరమ్మతునకు చందా పుట్టకపోవుట కిదియు నొక కారణము.

కందెన లేని బండికి కావలసినంత సంగీతమని మన పెద్దలనిరి. ఆ సంగీతము విని నవ్వి యూరకుండువారే మనలో నెక్కువ. నావికుల యాచార మొకటి మనకు ననుసరింపదగినది. రేవు చేరినతోడనే, విశ్రాంతికి ముందే, చెడినవాని పట్టిక వ్రాసికొందురు. అప్పటికి లోపములు కంటి యెదుట నుండును; బాగుచేయుటకు వ్యవధియు నుండును. మనము రథచక్రమును ఉత్సవమునకు నాలుగు దినములు ముందుగను, చెరువు తూమును వానలు దిగిన పిదపను పరీక్షింతుము. అప్పటికి కొయ్య దొరకదు, వడ్రంగి దొరకడు.

గ్రామపెద్దలగు మీరు ఈ యేడు శివరాత్రి యుత్సవము ముగిసిన మరునాడే రథము చుట్టు తిరిగి, ఒక కాగితముపై లోపములు వ్రాయింపుడు. చెరువు ఎండిన దినముననే తూములోనికి దిగి చూడుడు. ఖర్చు స్వల్పము. త్రాడు లాగువారు, రథముక్రింద నడచు పిల్లలు, తూము దిగువ పైరు పెట్టినవారు దానిపై నాధారపడియున్నారు.