ఇన్సూరెన్స్ కార్డు హరామా?

 

మేం ముఫ్తీలం కాదు, మౌలానాలమూ కాదు. సివిల్ డిప్లొమా చేసి సౌదీ సైట్లలో సూపర్‌వైజర్లుగా పని చేస్తున్నవాళ్లం. ఫత్వా ఇచ్చే అర్హత మాకు లేదు. అయినా ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం ఉంది. మన ముస్లిం తమ్ముళ్లు కొందరు కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కార్డును పెట్టెలో పెట్టి తాళం వేస్తున్నారు. పోయిన ఎండాకాలం ఒక షటరింగ్ కార్పెంటర్ కిడ్నీలో రాయితో రెండు రోజులు రూములోనే మెలికలు తిరిగిపోయాడు. ఆస్పత్రికి పోదాం రా అంటే, "అన్నా, అది వడ్డీ సొమ్ము, హరామ్. నాకొద్దు" అన్నాడు. అతని భక్తిని మేం తప్పుపట్టం. కాకపోతే అతను విన్నది సగం మాట. మిగతా సగం కూడా వినాలి.

ఇన్సూరెన్స్‌ను ఉలమాలు ఎందుకు ప్రశ్నించారు? ముఖ్యంగా మూడు కారణాలు. ఒకటి గరర్, అంటే కొనేది ఏమిటో, ఎంతో తెలియని బేరం. ఏడాదికి వెయ్యి కడతాం, జబ్బు రాకపోతే అది పోయినట్టే, వస్తే లక్ష రావచ్చు. రెండు, ఆ లెక్క జూదంలాగా ఉందనేది. మూడు, కంపెనీ ఆ డబ్బును వడ్డీకి తిప్పుతుందనేది. ఇవి చిన్న అభ్యంతరాలు కావు. 1985లో జెడ్డాలో ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ లాభం కోసం నడిచే వ్యాపార ఇన్సూరెన్స్ చెల్లదని తీర్మానించింది. అదే తీర్మానంలో, ఒకరికొకరు సాయపడే పద్ధతిలో నడిచే సహకార ఇన్సూరెన్స్ చెల్లుతుందని కూడా ఉంది. సౌదీ పెద్ద ఉలమాల మండలి అంతకు ముందే, 1977లో, సహకార పద్ధతికి ఒప్పుకుంది. మన క్యాంపుల్లో మొదటి ముక్కే తిరుగుతోంది, రెండోది ఎవరూ చెప్పడం లేదు.

సహకార పద్ధతి అంటే మనకు కొత్తేం కాదు. క్యాంపులో ఎవరైనా కన్నుమూస్తే ఏం చేస్తాం? తలా పదో ఇరవయ్యో రియాళ్లు వేసి ఇంటివాళ్లకు పంపుతాం. వేసినవాడు తిరిగి ఇమ్మని అడగడు. దాన్నే తబర్రు అంటారు. ఆ డబ్బుతో ముందుగానే ఒక నిధి పెట్టుకుని, కష్టం వచ్చినవాడికి అందులోంచి ఇస్తే అది తకాఫుల్. నిధి అందరిది, నడిపేవాడికి నడిపినందుకు కూలి.

సౌదీలో ఆరోగ్య ఇన్సూరెన్స్ చట్టం 1999లో వచ్చింది. దాని పేరులోనే 'సహకార' అనే మాట ఉంది. పేరు పెట్టినంత మాత్రాన అయిపోదు అనే ఉలమాలూ ఉన్నారు. వాళ్ల మాటలో పస ఉంది. ఇక్కడి నిబంధన ప్రకారం మిగులులో పాలసీదారులకు తిరిగొచ్చేది 10 శాతం, వాటాదారులకు పోయేది 90 శాతం. అలాంటప్పుడు ఇది నిజంగా సహకారమేనా అని వాళ్లు అడుగుతారు. ఆ చర్చ ఉలమాలు తేల్చుకోవాల్సింది, మనం కాదు.

మనం చూసుకోవాల్సింది ఒకటే. ఆ పాలసీ కొన్నది ఎవరు? కూలివాడు కొనలేదు. బేరం కుదుర్చుకున్నది కంపెనీ, డబ్బు కట్టింది కంపెనీ. అది కట్టకపోతే ఇఖామా రెన్యువల్ కాదు. చట్టం బలవంతం చేసిన చోట ఉద్యోగి మీద పాపం లేదని, వ్యాపార ఇన్సూరెన్స్ వద్దనే ఉలమాల్లో కూడా చాలామంది చెబుతారు. మీకు అందేది వైద్యం. క్యాంపు, బస్సు లాగానే అది కూడా మీ పనికి ఇచ్చే దాంట్లో భాగం. కాబట్టి జీతంలో ఇన్సూరెన్స్ పేరు చెప్పి కోత పెడితే మాత్రం ఊరుకోవద్దు. ప్రీమియం యజమానే కట్టాలి. హరామ్ అని వెతికేవాళ్లం కూలివాడి జీతంలో ఈ కోతను కూడా కాస్త చూడాలి కదా.

ఇంకో మాట, ఇది హిందూ సోదరులకు కూడా. సైట్‌లో దెబ్బ తగిలితే దాని లెక్క ఈ కార్డుది కాదు, గోసిది. పని ప్రమాదాల కోసం మన జీతం మీద 2 శాతం యజమాని గోసికి కడతాడు. దెబ్బ తగిలిన వెంటనే సూపర్‌వైజర్‌తో రిపోర్టు రాయించుకోండి. 'రూములో జారిపడ్డాను' అని రాయమంటే రాయొద్దు.

ఇక ఇంటి దగ్గర అమ్మానాన్నల సంగతి. ఇక్కడ మాత్రం నిజంగా ఆలోచించాలి, ఎందుకంటే కొనేది మనమే. ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. పేదవాడు ప్రీమియం కట్టడు, సర్కారు భరిస్తుంది. అది సర్కారు సాయం, ఇబ్బంది పడాల్సిన పని లేదని మాకు అనిపిస్తుంది. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినవాళ్లు కట్టిన ప్రవాసీ భారతీయ బీమా చట్టప్రకారం తప్పనిసరి. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు వస్తాయి. ఆ కాగితం ఇంట్లోవాళ్ల దగ్గర ఉంచండి. ప్రైవేటు పాలసీ అయితే మీ ఊరి ముఫ్తీ సాబ్‌ను అడగండి. మన దేశంలో తకాఫుల్‌కు వేరే చట్టం లేదు. పూర్తిగా వద్దనేవాళ్లున్నారు, గత్యంతరం లేనప్పుడు సరేననేవాళ్లున్నారు, కట్టినంత వరకే వాడుకోమనేవాళ్లూ ఉన్నారు. ఊరికే 'ఇన్సూరెన్స్ హలాలా హరామా' అని అడిగితే జవాబు కూడా అంతే పొట్టిగా వస్తుంది. నాన్నకు ఏ జబ్బు ఉంది, ఆస్పత్రి ఖర్చు ఎంత, అప్పు చేస్తే వడ్డీ ఎంత కట్టాల్సి వస్తుంది, ఇవన్నీ చెప్పి అడగండి. ఇన్సూరెన్స్ వడ్డీ అని వదిలేసి, ఆపరేషన్‌కు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన ఇళ్లు మనకు తెలియనివి కావు.

ఆ కార్పెంటర్ చివరికి క్యాంపు పక్క మసీదు ఇమామ్‌ను అడిగాడు. ఆయన ముందు ఆస్పత్రికి పో, తర్వాత మాట్లాడదాం అన్నారట. రాయి తీశారు, పనికొచ్చాడు.

టీ తర్వాత వెనక బల్ల దగ్గర మా వాళ్లు ఇద్దరు కూర్చుంటారు. ఇఖామా నంబరు చెబితే మీ ఇన్సూరెన్స్ నడుస్తోందో లేదో ఫోన్లోనే చూసి చెబుతారు. కార్డు పెట్టెలో ఉన్నవాళ్లు ముందు రండి.