నడుస్తూ చూడాల్సిన గోడలు: రవెన్నాలో ఒక రోజు



ఇటలీ వెళ్లినవాళ్లు రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చూసి తిరిగొస్తారు. బొలోన్యా స్టేషన్లో ఆ ఊళ్లకు పోయే బళ్ల దగ్గర జనం కిటకిటలాడుతుంటే, ఒంటరిగా వచ్చిన ఒక యాత్రికురాలు మాత్రం అడ్రియాటిక్ తీరం వైపు వెళ్లే ప్యాసింజరు బండి ఎక్కింది. గంట పైచిలుకు ప్రయాణం తర్వాత దిగింది రవెన్నాలో. భుజాన సంచి, అందులో నీళ్ల సీసా, చిన్న బైనాక్యులర్. పక్కన కబుర్లు చెప్పేవాళ్లు లేరు, జెండా ఊపుతూ తొందరపెట్టే గైడూ లేడు.

గోడల మీద రంగుగాజు ముక్కలు పేర్చి చేసే బొమ్మలను, అంటే మొజాయిక్‌ను, చూడ్డానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు. ఈ కళ ఒకచోట నిలబడి ఒక్క చూపు చూసి వచ్చేసేది కాదు. రెండడుగులు పక్కకు జరగాలి, వెనక్కి నడవాలి, కాసేపు ఆగాలి, మళ్లీ దగ్గరికి రావాలి. గుంపుతో వచ్చినవాళ్లకు ఆ వీలు దొరకదు.

ఇంత చిన్న ఊళ్లో ఇన్ని మొజాయిక్‌లు ఎందుకున్నాయో తెలియాలంటే కాస్త చరిత్ర కావాలి. క్రీ.శ. 402లో పశ్చిమ రోమన్ చక్రవర్తి హొనోరియస్ రాజధానిని మిలాన్ నుంచి ఇక్కడికి మార్చాడు. చుట్టూ చిత్తడి నేలలు, పక్కనే క్లాసే రేవు. శత్రుసేనకు దారి దొరకదు, ఓడలకు దొరుకుతుంది. 476లో పశ్చిమ సామ్రాజ్యం కూలిపోయింది. 493లో గోత్ రాజు థియోడోరిక్ ఊరిని పట్టుకున్నాడు. 540లో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి జస్టీనియన్ సేనలు వచ్చి తీసుకున్నాయి. ఏలికలు మారినా గోడల మీద మొజాయిక్ పని మాత్రం ఆగలేదు. వాళ్లు వదిలిపోయిన ఎనిమిది కట్టడాలను యునెస్కో 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

యాత్రికురాలు ముందుగా వెళ్లింది గల్లా ప్లాసీడియా సమాధి మందిరానికి. గల్లా హొనోరియస్‌కు సవతి చెల్లెలు. 450లో రోమ్‌లో చనిపోయింది, బహుశా అక్కడే ఖననం చేసి ఉంటారు. అయినా మందిరానికి ఆమె పేరే నిలిచిపోయింది. బయటినుంచి చూస్తే శిలువ ఆకారంలో ఒక చిన్న ఇటుకల కట్టడం, అంతే. నగిషీ లేదు, పూత లేదు. ఇదేమిటి, దీనికోసమా ఇంత దూరం వచ్చింది అనిపిస్తుంది.

లోపల అడుగుపెట్టగానే ముందు చీకటే. కిటికీలకు అద్దాల బదులు పల్చటి అలబాస్టర్ రాతి పలకలు బిగించారు. వాటిలోంచి తేనెరంగు వెలుతురు సన్నగా దిగుతుంది. రద్దీ రోజుల్లో ఒక్కో బృందానికి లోపల ఐదు నిమిషాలే ఇస్తారు. చాలామంది అందులో మొదటి రెండు నిమిషాలూ ఫోను తీసి ఫొటోలకే ఖర్చుపెడతారు. ఆ రెండు నిమిషాలు కళ్లకు ఇవ్వాలి. చూపు చీకటికి అలవాటుపడేకొద్దీ కప్పు మీద ముదురు నీలం తేలుతుంది, ఆ నీలంలోంచి ఒక్కొక్కటే బంగారు నక్షత్రాలు బయటపడతాయి. 500కు పైగా ఉంటాయి. గుండ్రటి వరసల్లో పేర్చారు. అంచుల్లో పెద్దవి, మధ్యనున్న బంగారు శిలువ వైపు పోయేకొద్దీ చిన్నవి. కప్పు పెద్ద ఎత్తేమీ కాదు. నక్షత్రాలు చిన్నవవుతూ పోవడం వల్ల అది ఎక్కడో పైన ఉన్నట్టు భ్రమ కలుగుతుంది.

ఆమె ఒక నక్షత్రాన్ని ఎంచుకుని, దానిమీంచి చూపు తిప్పకుండా ఒకడుగు ఎడమకు వేసింది. వెలుగుతున్న నక్షత్రం మసకబారింది, పక్కది వెలిగింది. మళ్లీ కుడికి జరిగింది. ఆరిందాని స్థానంలో వేరొకటి. మొజాయిక్ చూడ్డంలో మొదటి పాఠం ఇదే.

ఈ మెరుపు కాకతాళీయం అనుకోవద్దు. గాజును కరిగించి, దాంట్లో లోహాల భస్మాలు కలుపుతారు. కోబాల్ట్ వేస్తే నీలం, రాగి వేస్తే ఆకుపచ్చ, ఎరుపు. కరిగిన గాజును అట్టులా పరిచి చల్లార్చి, ఉలి మీద పెట్టి సుత్తితో చిన్న చిన్న ఘనాలుగా కొడతారు. ఈ రంగుగాజును ఇటలీలో స్మాల్టీ అంటారు. బంగారం సంగతి వేరు. గాజుపలక మీద బంగారు రేకు పరిచి, దానిమీద మరో పల్చటి గాజుపొర వేసి కాలుస్తారు. రేకు రెండు గాజుల మధ్య ఉండిపోతుంది కాబట్టి గాలి తగలదు, అరగదు. పదిహేను వందల ఏళ్లయినా మెరుస్తున్నది అందుకే.

గోడకు సున్నపు గార పొరలు పొరలుగా వేస్తారు. పై పొర మాత్రం ఆ రోజు పనికి ఎంత కావాలో అంతే. తడిగా ఉండగానే దానిమీద బొమ్మ గీసి, ముక్కలు ఒక్కొక్కటే చేత్తో గుచ్చుతారు. అసలు నేర్పు ఇక్కడుంది. ముక్కలన్నీ ఒకే మట్టంలో ఉండవు. ఒకటి ఇటు వంగుతుంది, ఒకటి అటు. ఒక్కొక్కటీ వెలుతురును ఒక్కో దిక్కుకు విసురుతుంది. నున్నగా సమంగా అతికిస్తే గోడంతా ఒకే అద్దమై కళ్లు చెదురుతాయి, బొమ్మ చచ్చిపోతుంది. ఫొటోలో మొజాయిక్ తేలిపోయేది కూడా ఈ కారణానికే. కెమెరా ఉన్నచోటే ఉంటుంది, వెలుగు కదలదు.

అదే ఆవరణలో నాలుగడుగుల దూరంలో సాన్ వితాలే చర్చి. ఎనిమిది మూలల కట్టడం. గోత్‌ల పాలనలో మొదలై, జస్టీనియన్ కాలంలో పూర్తయి, 547లో ప్రతిష్ఠ జరిగింది. ఖర్చు పెట్టినవాడు యూలియానుస్ అనే షాహుకారు. 26,000 బంగారు నాణేలు ఇచ్చాడని 9వ శతాబ్దంలో ఈ ఊరి చరిత్ర రాసిన ఆగ్నెల్లుస్ అనే మతాచార్యుడు నమోదు చేశాడు.

బలిపీఠం దగ్గర రెండు గోడల మీద చక్రవర్తి దంపతులు ఎదురెదురుగా నిలబడి ఉంటారు. ఒకవైపు బంగారు పళ్లెం పట్టుకుని జస్టీనియన్, పక్కన సైనికులు, మతాచార్యులు. రెండోవైపు పాత్ర పట్టుకుని థియోడోరా, వెనక ఆమె చెలికత్తెలు. ఇద్దరూ రవెన్నాకు ఒక్కసారి కూడా వచ్చినవాళ్లు కారు. రాలేని ఏలికలను గోడ మీద నిలబెట్టి, ఈ ఊరు ఎవరిదో జనానికి చెప్పారన్నమాట. జస్టీనియన్ పక్కనున్న బిషప్ తల మీద మాక్సిమియానుస్ అని పేరు రాసి ఉంటుంది. చక్రవర్తి తల మీద పేరు లేదు. అవసరం లేదనుకున్నారేమో.

ఇక్కడ బైనాక్యులర్ పనికొచ్చింది. ముందు థియోడోరా అంగీ అంచు చూడాలి. బంగారు రంగులో ముగ్గురు మనుషులు వంగి కానుకలు తీసుకుపోతుంటారు. వాళ్లు బాలయేసును చూడవచ్చిన తూర్పు దేశపు జ్ఞానులు. రాణి కానుక ఇస్తోంది, ఆమె బట్ట అంచు మీద కూడా కానుకలే. తర్వాత ఆమె మెడ, కిరీటం. అక్కడి ముత్యాలకు గాజు వాడలేదు, ముత్యపు చిప్ప ముక్కలు పెట్టారు. గాజులా తళుక్కుమనకుండా పాలరంగులో మెత్తగా మెరుస్తాయి. చివరగా ముఖం. బట్టల్లో వాడినవాటికన్నా ఇక్కడి ముక్కలు చిన్నవి. చెంప మీద దగ్గరగా చూస్తే లేత గులాబీ పక్కన బూడిదరంగు, దాని పక్కన ఆకుపచ్చ ఛాయ. బైనాక్యులర్ దించితే ఆ రంగులన్నీ కలిసిపోయి ఒంటి చాయ అవుతుంది. రంగులు కలిపింది పనివాడు కాదు, చూసేవాళ్ల కన్ను.

1903లో వియన్నా చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ రవెన్నా వచ్చి ఈ గోడలు చూశాడు. 1907లో ఆయన పూర్తిచేసిన ఆడెల్ బ్లోక్-బాయర్ చిత్రంలో ఆమె చుట్టూ పరుచుకున్న బంగారం ఎక్కడిదో థియోడోరాను చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం ఆమె వీధి పక్క కొట్లో పియదీనా తింది. ఆ ప్రాంతపు రొట్టె అది, పొంగకుండా పల్చగా కాల్చి మధ్యలో మెత్తటి జున్ను పెట్టి మడిచిస్తారు. దగ్గర్లోనే మహాకవి డాంటే సమాధి. ఫ్లోరెన్స్ వెలివేసిన కవి 1321లో ఇక్కడే కన్నుమూశాడు. సమాధిలో వెలిగే దీపానికి ఏటా నూనె పంపేది ఇప్పుడు ఆ ఫ్లోరెన్సే.

ఆ తర్వాత నియోన్ బాప్తిస్మ మందిరం. గుమ్మటం లోపల పన్నెండుమంది అపొస్తలులు చేతుల్లో కిరీటాలతో గుండ్రంగా నడుస్తుంటారు. కింద నిలబడి మెడ ఎత్తి మెల్లగా తిరిగితే వాళ్లూ వెంట కదులుతున్నట్టే ఉంటుంది. మధ్యలో యోహాను యేసుకు బాప్తిస్మం ఇస్తున్న దృశ్యం. అందులో యేసు ముఖం 19వ శతాబ్దపు మరమ్మతులో చేసింది. పాత పనికీ కొత్త పనికీ తేడా పట్టుకోవడం మొజాయిక్ అభిరుచిలో రెండో మెట్టు. బొమ్మ ఎవరిదన్న దానితోపాటు ముక్కల వరస ఎలా పోతోంది, మెరుపు ఎక్కడ తెగుతోంది అని చూడ్డం అలవాటవుతుంది.

ఆ చూపుతోనే సాంట్ అపొల్లినారే నువోవో చర్చికి వెళ్లాలి. థియోడోరిక్ తన కొలువు కోసం కట్టించుకున్నది. గోత్‌లది ఏరియన్ శాఖ, అంటే యేసు తండ్రితో సమానుడన్న మాటను ఒప్పుకోనివాళ్లు. జస్టీనియన్ మనుషుల దృష్టిలో అది తప్పుడు మతం. ఊరు చేతులు మారాక చర్చి కూడా మారింది. ఇప్పుడు ఒక గోడ మీద 22 మంది కన్యలు, ఎదురు గోడ మీద 26 మంది హతసాక్షులు వరుసగా బలిపీఠం వైపు నడుస్తూ కనబడతారు. చూసేవాళ్లు కూడా వాళ్లతోపాటు ముందుకు నడవాల్సిందే.

ఆమె మాత్రం వెనక్కి, తలుపు దగ్గరికి వచ్చింది. అక్కడ థియోడోరిక్ రాజభవనం బొమ్మ ఉంది. స్తంభాల మధ్య తెల్లటి తెరలు కట్టి ఉంటాయి, మనుషులు ఒక్కరూ లేరు. ఒకప్పుడు ఆ ఖాళీల్లో మనుషుల బొమ్మలుండేవి. కొత్త ఏలుబడిలో వాటిని పీకేసి తెరలు పెట్టారు. తెల్లటి స్తంభాలను జాగ్రత్తగా చూస్తే అక్కడో చెయ్యి, ఇక్కడో నాలుగు వేళ్లు. మనిషిని తీసేశారు గానీ స్తంభం మీదికి చాచిన చేతిని తియ్యడం మరిచారు, లేదా స్తంభం పాడవుతుందని వదిలేశారు. రాజకీయాన్ని ఇంత స్పష్టంగా రాసిపెట్టిన గోడలు అరుదు.

సాయంత్రానికి ఆమె ఊరి బయట క్లాసే చేరింది. రైల్లో ఒక్క స్టేషను. 549లో ప్రతిష్ఠించిన సాంట్ అపొల్లినారే చర్చి ఇక్కడుంది. దీనికి కూడా డబ్బు పెట్టింది సాన్ వితాలేకు ఖర్చు పెట్టిన షాహుకారు యూలియానుసే. బలిపీఠం వెనక పెద్ద గూడు నిండా పచ్చిక. చెట్లు, పూలు, పిట్టలు, రెండువైపులా ఆరేసి గొర్రెలు, మధ్యలో చేతులు చాచి ప్రార్థిస్తున్న అపొల్లినారిస్, ఈ చర్చికి పేరిచ్చిన పునీతుడు. పైన నీలిరంగు వలయంలో పెద్ద శిలువ, దాని చుట్టూ 99 నక్షత్రాలు. శిలువ నడిమధ్య నాణెమంత కనిపించే యేసు ముఖం. అదొక్కటీ బైనాక్యులర్ లేకుండా దొరకదు. గల్లా ప్లాసీడియా నక్షత్రాలకు చీకటి కావాలి, ఈ పచ్చికకు పగలు కావాలి. పెద్ద కిటికీల్లోంచి వచ్చే ఎండను బట్టి ఆకుపచ్చ ఒకసారి లేతగా, ఒకసారి ముదురుగా మారుతుంది.

రవెన్నా వెళ్లే అవకాశం ఉన్న శ్రోతలకు ఒక మాట. ఊళ్లోని ముఖ్యమైన చర్చిలకు ఉమ్మడి టికెట్టు ఉంటుంది, గల్లా ప్లాసీడియాకు వేళ ముందే ఖరారు చేసుకోవాలి. రోజు చాలకపోతే థియోడోరిక్ సమాధిని వదులుకోవచ్చు. ఒకే రాతిని కప్పుగా పెట్టిన గొప్ప కట్టడమే గానీ, అందులో మొజాయిక్ లేదు. క్లాసేను మాత్రం వదులుకోవద్దు. అక్కడ అన్ని బళ్లూ ఆగవు కాబట్టి, చర్చిలోకి వెళ్లేముందే తిరుగు బండి ఎన్నింటికో చూసిపెట్టుకుంటే గొర్రెలను నింపాదిగా లెక్కపెట్టుకోవచ్చు.