డబ్బా మారిస్తే హార్డ్ డిస్క్ ఖాళీ అంటదా? ఫార్మాట్ నొక్కకండి

ఉమ్ సలాల్ నుంచి మాట్లాడుతున్నా. రూమ్‌లో ఏసీ చప్పుడు వినబడుతది, కొంచెం సర్దుకోండి.

మొన్న పక్క రూమ్ తమ్ముడు హార్డ్ డిస్క్ పట్టుకొచ్చిండు. జగిత్యాల దిక్కు పిల్లగాడు, రిగ్గర్ పని. అడాప్టర్ పెట్టి నడిపే పాత 3 టీబీ డిస్క్. చెల్లె పెళ్లి, పిల్లల ఫోటోలు, వాళ్ల బాపు వీడియోలు అన్నీ అందులనే. బాపు చనిపోయినప్పుడు వీడు ఇంటికి చేరేసరికి దహనం అయిపోయింది. ఆ వీడియోలే మిగిలినయ్.

డిస్క్ కింద పడి యూఎస్‌బీ పోర్టు ఊడింది. ఒక షాపుకు పోతే లోపలి డిస్క్ తీసి కొత్త డబ్బాలో వేసిచ్చిండ్రు. ల్యాప్‌టాప్‌కు పెట్టంగనే 'వాడాలంటే ఫార్మాట్ చేయాలి' అని విండోస్ అడిగింది. షాపాయన కూడా "డాటా పోయింది, ఫార్మాట్ కొట్టు" అన్నడట. మనోడు కొట్టలేదు, అదే అదృష్టం.

నేను కంప్యూటర్ చదువు చదవలేదు, ఐటీఐ ఎలక్ట్రీషియన్‌ని. కానీ ఏ లైన్ పోయినా ముందు మీటర్ పెట్టి చూస్తం కదా. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచినం. మొత్తం సైజు 2794 జీబీ. కంపెనీ చెప్పే 3 టీబీ విండోస్ లెక్కలో అంతే, అంటే డిస్క్ బతికే ఉంది. పార్టిషన్ మాత్రం 349 జీబీ అని చూపిస్తున్నది, పక్కన 'రా' అని. 2794ని 349తో భాగించండి. ఎనిమిది! దొంగ అక్కడ దొరికిండు.

పాత రోజుల్లో డిస్క్‌ను సిలిండర్, హెడ్, సెక్టర్ అని కొలిచేటోళ్లు. ఇప్పుడు యూఎస్‌బీ డిస్క్‌ను కంప్యూటర్ అడిగేవి రెండే: సెక్టర్లు ఎన్ని, ఒక్కోటి ఎంత? జవాబు చెప్పేది డబ్బాలోని చిన్న బోర్డు. మామూలుగా 512 బైట్లు అంటది. కొన్ని పాత పెద్ద డబ్బాలు మాత్రం 4096 అని చెప్పేవి. ఎందుకంటే ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పట్టికలో సెక్టర్ నంబర్‌కు 32 బిట్లే జాగా. 512 లెక్కన 2 టీబీ దాటదు. విండోస్ ఎక్స్‌పీలో కూడా పెద్ద డిస్క్ నడవాలని సెక్టర్‌ను ఎనిమిదింతలు చేసి చెప్పించిండ్రు.

ఇప్పుడు మన సైట్ సంగతి అనుకోండి. డ్రాయింగ్‌లో కాలమ్ 256 మీటర్ల దగ్గర ఉంది. కొత్త ఫోర్‌మన్ ఫీట్ల టేపు పట్టుకుని 256 అడుగుల కాడ వెతుకుతుండు. అక్కడ కాలమ్ లేదు, కానీ కాలమ్ కూలిపోలేదు. డిస్క్‌లో కూడా 256వ సెక్టర్ అంటే 4096 లెక్కన 1 ఎంబీ కాడ, 512 లెక్కన 128 కేబీ కాడ. కొత్త డబ్బా తప్పు చోట వెతికి 'ఏం లేదు' అంటున్నది.

మీరూ చూసుకోవచ్చు. రన్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 కొట్టి కాంపోనెంట్స్, స్టోరేజ్, డిస్క్స్‌లోకి పోతే 'బైట్స్/సెక్టర్' కనబడతది. మాకు 512 వచ్చింది.

"పాత బోర్డు ఏదిరా?" అన్న. బ్యాగులో కవర్ అడుగున ఉంది. మా ఎంఈపీ టెక్నీషియన్ పోర్టుకు సోల్డరింగ్ చేసిచ్చిండు. పెట్టినం. 4096! ఫోల్డర్లన్నీ వచ్చినయ్.

బోర్డు పారేసినోళ్లకు కూడా దారి ఉంది: ముందు డిస్క్ మొత్తానికి ఇంకోదాంట్లో కాపీ తీసి, లినక్స్‌లో ఆ కాపీని లూప్ డివైస్‌గా, సెక్టర్ సైజు 4096 పెట్టి, చదవడానికి మాత్రమే తెరవాలి. కాకపోతే కొన్ని బోర్డులు డాటాకు తాళం కూడా వేస్తయ్, అవి లేకుంటే ఇది పనిచేయదు. అందుకే బోర్డు పారేయొద్దు.

వేరే డిస్క్‌లోకి అంతా ఎక్కించినంకనే వీడియో తెరిచిండు. పొలం గట్టు మీద బాపు, "ఫోన్ ఆపురా, బువ్వ తిందాం రా" అంటున్నడు. రూమ్‌లో ఆరుగురం ఉన్నం, ఎవ్వరం మాట్లాడలేదు. వాడు మళ్లీ మొదటి నుంచి పెట్టిండు.

రెండో కాపీ వచ్చే నెల ఊరికి పోయేటోళ్ల చేత పంపిస్తున్నం. ఉంటా మరి.