గెలిచి ఖాళీ అయిన రాజధాని

గిడుగు రామమూర్తి పంతులుగారి స్మృతిలో ఇక్కడ అరసవల్లిలో మాట్లాడమన్నారు. ఆయన వ్యావహారిక భాషోద్యమం అందరికీ తెలిసిందే. నేను ఆయన శాసనాల పని చెబుతాను. మన ప్రాంతపు మహానగరం ఎక్కడుందో తేల్చింది అదే.

1863లో పర్వతాలపేటలో పుట్టిన పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఏదంటే, పండితులు కళింగపట్నం వైపు చూపించేవారు. పేరు కలిసింది, రేవుంది, ఇంకేం కావాలి? పంతులుగారికి అది చాల్లేదు. పాత లిపి సొంతంగా నేర్చుకుని, ముఖలింగంలో మధుకేశ్వరుడి గుడి రాళ్ల మీది దానశాసనాలు చదివారు. ఆ ఊరి పక్కన నగిరికటకం ఉండనే ఉంది. వంశధార ఒడ్డున ఉన్న ఈ పల్లెలే కళింగనగరమని వాదించారు. గాంగరాజు వజ్రహస్తుడి నడగాం తామ్రశాసనాన్ని శాసనాల పత్రిక ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించిందీ ఆయనే. ఈ కాలపు పరిశోధకులు చాలామంది ఆయన మాటే ఒప్పుకున్నారు.

మరి అంతటి నగరం పల్లె ఎందుకైంది? 1078లో పట్టానికొచ్చిన గాంగరాజు అనంతవర్మ చోడగంగుడు ఉత్కళాన్ని గెలిచి, రాజ్యాన్ని గంగానది వైపు పెంచాడు. ఏలుబడి ఉత్తరానికి జరిగాక రాజధానీ ఒడిశాలోని కటకానికి తరలింది. ఓడిపోయి ఖాళీ అయిన రాజధానులు బోలెడు. మనది గెలిచి ఖాళీ అయింది! గుళ్లు మాత్రం కదల్లేదు.

శతాబ్దాల తరవాత పెత్తనం నాగావళి ఒడ్డుకొచ్చింది. గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు శ్రీకాకుళంలో ఇప్పటికీ ఉంది. చికాకోల్ (శ్రీకాకుళం) సర్కారు 1753లో ఫ్రెంచివారికి, 1766 నాటికి ఈస్టిండియా కంపెనీకి దక్కింది. దొరలకు ఈ వైపు సన్నబట్ట మీద మోజెక్కువ. ఆ పనితనం పొందూరులో ఇంకా చూడొచ్చు: వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకుతారు. సన్నటి పళ్లు దువ్వెనలా చెత్తను లాగేస్తే, పోగులు బారుగా సాగుతాయి. పట్నం గొప్పంటే ఫౌజుదారుల పేర్లు చెబుతాం గానీ, నా మటుకు ఈ చేతులే ముందు.

అరసవల్లి ఏనాడూ రాజధాని కాలేదు. ఇక్కడి సూర్యుడి గుడిని గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని ప్రతీతి. ఇప్పటి కట్టడంలో చాలాభాగం 18వ శతాబ్ది జీర్ణోద్ధరణ. అయినా రథసప్తమికి వచ్చే జనం ముందు ఏ రాజధాని నిలుస్తుంది? రైలు మాత్రం మన శ్రీకాకుళం పట్నం ముఖం చూడకుండా ఆమదాలవలస మీదుగా పోయింది. శ్రీకాకుళం జిల్లా అయిందీ ఆలస్యంగానే, 1950 ఆగస్టు 15న.

1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరితే, పంతులుగారు దశాబ్దాలు బతికిన ఆ ఊరిని వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన చదివిన రాళ్లు మన దగ్గరే ఉన్నాయి. పిల్లలూ, మీ ఊరి గుడిలో అక్షరాలున్న రాయి కనిపిస్తే సున్నం కొట్టనివ్వకండి. ఫొటో తీసి, చదవగలిగినవాళ్లకు చూపించండి.