డిఫీటిస్ట్ ఎవరు?

ఇంగ్లీషులో ‘డిఫీట్’ అంటే ఓటమి అని మనందరికీ తెలుసు. దానినుంచి వచ్చిన ‘డిఫీటిస్ట్’ అనే మాటను మాత్రం కొందరు ఓడిపోయినవాడు అనే అర్థంలో వాడుతుంటారు. అది సరికాదు. బరిలోకి దిగకముందే ఓటమి ఖాయమనుకుని ప్రయత్నం మానుకునేవాడు డిఫీటిస్ట్. ఆ ధోరణి ‘డిఫీటిజం’. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇది ఫ్రెంచి భాషనుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. యుద్ధం గెలవలేం, ఆపేద్దాం అన్నవారిని దెప్పడానికి పుట్టిన మాట.

ఓడినవాడికీ డిఫీటిస్టుకూ తేడా తెలియాలంటే, 1894లో మన బరంపురంలో పుట్టిన వి.వి.గిరిగారిని తలచుకోండి. 1957లో పార్వతీపురం లోక్‌సభ ఎన్నికలో ఆయన ఓడిపోయారు. 1969లో రాష్ట్రపతి పదవికి కాంగ్రెసు అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారిపై స్వతంత్రుడిగా నిలబడ్డారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఫలితం తేలలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాక గిరిగారు గెలిచారు. ఓటమి చవిచూసినా ఆయన డిఫీటిస్ట్ కారు.

మరి ‘పెసిమిస్ట్’ సంగతేమిటి? చెడే జరుగుతుందని తలచేవాడు, అంటే నిరాశావాది. అయితే చెడును ఊహించడం, చేతులు ముడుచుకోవడం ఒకటి కావు. కీడెంచి మేలెంచమన్నారు మన పెద్దలు. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని తాకిన మహా తుఫానులో దాదాపు 10 వేలమంది చనిపోయారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మన గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ఇళ్లు కూలాయి, చెట్లు నేలకొరిగాయి. కాని కీడు ముందే ఎంచి లక్షలమందిని సురక్షిత స్థలాలకు తరలించినందువల్ల ప్రాణనష్టం పదులతో ఆగింది. అందుచేత, ప్రమాదముందని హెచ్చరించేవారిని డిఫీటిస్ట్ అని నోరు మూయించడం ఆ మాటను తప్పుగా వాడటమే.

ఇక మన ఇళ్ల సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం అందులో చేరింది. ఇన్నేళ్ల తరువాత కూడా ఇక్కడ తెలుగు వినబడుతూనే ఉంది. “పిల్లలకు తెలుగు చదవడం రావడం లేదు” అని బెంగపడే తల్లి డిఫీటిస్ట్ కాదు. ఆ బెంగతోనే సాయంత్రం పిల్లవాణ్ణి కూర్చోబెట్టి అక్షరాలు దిద్దిస్తుంది. “ఎలాగూ నిలవని భాష, నేర్పి ఏం లాభం?” అని పలక పక్కన పెట్టేసే తండ్రికి మాత్రం ఆ మాట అతికినట్టు సరిపోతుంది. ఒడియా బడికి కావాలి, ఇంగ్లీషు ఉద్యోగానికి కావాలి, నిజమే. వాటికోసం తెలుగును వదులుకోనక్కరలేదు.

కాబట్టి శ్రోతలారా, ఎవరినైనా డిఫీటిస్ట్ అనేముందు వారి నోటిమాట కాదు, చేతిపని చూడండి. సెలవు.